తలుపు మూసిన గది అడిగిన ప్రశ్న

వికారాబాద్‌లో లారీల కాటా పక్కగా నడిచినప్పుడల్లా లోపలి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కీచుమంటుంది. ఆ చప్పుడు వెంట ఖలీల్ సాబ్ గుర్తుకు వస్తారు.

ఎనభైలలో తాండూరులోని ఒక సిమెంటు కర్మాగారంలో ఆయన కంప్యూటరు విభాగపు అధికారి. నేను ఆయన కింద ప్రోగ్రామరును. ధూళి యంత్రంలో చేరకుండా మా గది తలుపు ఎల్లవేళలా బిగించి ఉండేది. ఆ తలుపు వెనుకే, నేను చేరకముందు, ఒక ఆపరేటరు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే కన్నుమూశాడు. షిఫ్టు మారేదాకా ఎవరికీ తెలియలేదు.

ఒక మధ్యాహ్నం నేను ఒంటరిగా కాగితాలు చదువుతుండగా ప్రింటరు దానంతటదే కదిలింది. ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు మాటలు, ఒకే వరుస: "లోపల ఎవరున్నరు?" అప్పుడే టీ తెచ్చిన అటెండరు మల్లయ్య, నేను చదివి వినిపించగానే, గ్లాసు బల్లమీద పడవేశాడు. "సచ్చినాయనే అడుగుతుండు సారూ! గీ గదిలకు ఇగ నేను రాను."

విషయం విని ఖలీల్ సాబ్ నవ్వారు. "పరేషాన్ గాకు బేటా. జర సేపు ఎవ్వరు కీబోర్డు ముట్టకుంటే అడగాలని నేనే ప్రోగ్రాము రాసిన. జవాబు కొట్టకుంటే ఆఫీసుల గంట మోగుతది. ఆయన లెక్క ఇంకొకరు పోవద్దు గద."

హైదరాబాదు నుంచి వచ్చిన మేనేజరుకు ఆ నవ్వు నచ్చలేదు. అనుమతి లేకుండా యంత్రంలో చేయిపెట్టడం హ్యాకింగేనని, పత్రికలు దొంగతనానికి వాడుతున్న మాట అదేనని గద్దించాడు. "పొరపాటైందని రాసివ్వండి. ఉద్యోగం ఉంటుంది."

"హ్యాకింగే సార్," అన్నారు ఖలీల్ సాబ్. "మా పనోళ్లల్ల అది ఇజ్జత్ మాట. యంత్రం చెయ్యనన్నది చేయించుడు. తాళం పలగ్గొట్టెటోన్ని దొంగ అనుండ్రి, ఆ మాట ఉన్నది గద."

నియమాలంటే ప్రాణమిచ్చే నేనే వరండాలో ఆయనను బతిమాలాను. "ఒక్క సంతకం సార్. ఇంట్లో పిల్లలున్నారు."

"పొరపాటన్ననంటే ఆ ప్రోగ్రామును రేపే తీసేస్తరు. గప్పుడు ఆ కుర్చీల కూసునేది నువ్వే బేటా."

ఆయన సంతకం చేయలేదు. ఉద్యోగం పోయింది, సొంతూరు పెద్దేముల్ వెళ్లిపోయారు. ఆజ్ఞ మేరకు ఆ ప్రోగ్రామును నేనే తుడిచివేసి, ఎక్కడా మిగలలేదని సరిచూశాను.

కొన్నాళ్లకు, ఆ గదిలో ఒంటరిగా ఉన్న మేనేజరు తలుపు తోసుకుని బయటికి వచ్చాడు. చేతిలో చింపిన కాగితం. దాని మీద అదే వరుస.

"తుడిచేశానన్నావు?"

"తుడిచేశాను సార్."

యంత్రమంతా వెతికాము. ఏమీ దొరకలేదు. "మీరేం జవాబిచ్చారు?" అని అడిగాను. "ఉన్నానని కొట్టాను."

ఆ వారమే మేనేజరు ఆ తలుపుకు అద్దం పెట్టించాడు, దారినపోయే ఎవరికైనా లోపలి మనిషి కనిపించేలా.

తరువాత నా కింద పనిచేసినవారెవరూ దొంగను హ్యాకరు అనడాన్ని నేను అనుమతించలేదు. అంతకంటే బలమైన అలవాటు మరొకటి మిగిలింది. గది మరీ నిశ్శబ్దమైతే, ఎవరూ అడగకముందే, పైకే చెబుతాను: "ఉన్నాను, ఖలీల్ సాబ్."