బెల్టులో చిక్కిన కోడి ఈక

మా బెల్టు సారు మొన్న సోమవారం పోయారు. "సారు ఇగ లేడు బిడ్డా" అని ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. వెన్ను వంకర తిరిగిన పిల్లలకు ప్లాస్టిక్ బెల్టులు చేసి తొడిగే మనిషి ఆయన. పేట్ బషీరాబాద్‌లో చిన్న వర్క్‌షాపు ఉండేది.

నాకు పన్నెండేళ్లప్పుడు బెల్టు పడింది. రోజుకు పద్దెనిమిది గంటలు వేసుకోవాలి, లేకపోతే ఆపరేషన్ తప్పదన్నారు డాక్టరు. బెల్టు లోపల చింతగింజంత చిప్పు. ఒంటి వేడిని బట్టి ఎన్ని గంటలు వేసుకున్నామో అది రాసుకుంటుంది.

ఆ బెల్టు చంక కింద కోసేది. చెబితే సాకు అనుకుంటారని చెప్పలేదు, తెలివి చూపించాను. ఎండాకాలం సెలవులు. మా ఊరు షామీర్‌పేట్‌లో నాయిన చేపలకు చెరువుకు, అమ్మ చేపలమ్మడానికి వెళ్లగానే బెల్టు విప్పి, చిప్పున్న వైపు పొదిగే కోడి కింద దూర్చేదాన్ని. అది రెండుసార్లు పొడిచింది కూడా.

తర్వాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నాయిన గొప్పగా అన్నాడు: "మా బిడ్డ ఒక్కపూట గూడ ఇడువలే సార్."

సారు కంప్యూటర్లో చిప్పు రాసిన వేడి గీత చూశారు. బెల్టు పట్టీలో చిక్కుకున్న గోధుమరంగు ఈక చూశారు. ఆయన ఈక తీసి మెల్లగా జేబులో వేసుకుని, "అన్నా, జర చాయ్ తాగి రారాదూ" అని నాయినను పంపించారు.

"మనిషి ఒళ్లు గింత కాలితే లేసి నిలవడతదా? కోడిపిల్లలెన్ని లేసినయి?" అని గీత చూపించి అడిగారు సారు.

"తొమ్మిది" అని ఏడ్చేశాను.

"ఏడ్వకు. యాడ గుచ్చుతాందో సెప్పు. గీ చిప్పు నీ దొంగతనం పట్టనీకె గాదు బిడ్డా, నా పని యాడ తప్పిందో నాకు సెప్పనీకె."

ఆ రోజు చంక కింది అంచును మూడుసార్లు అరగదీశారు. ప్రతిసారీ తన చెంపకు రాసుకుని చూశారు. అది ఆయన అలవాటు. "నా చెంపకు గుచ్చకుంటే నీకు గుచ్చది" అనేవారు.

ఆ తర్వాత మూడేళ్లు వేసుకున్నాను. పెళ్లిళ్లలో, బడిలో, ఉక్కపోతలో. ఆపరేషన్ అక్కర్లేదని డాక్టరు చెప్పిన రోజు సారు నాకంటే ఎక్కువ సంబరపడ్డారు. "గీ గంటలన్నీ నీయే, ఎవ్వలిచ్చినయి గావు" అన్నారు. అంత గర్వం నాకు మళ్లీ ఏ పరీక్ష పాసైనా రాలేదు. కోడి సంగతి మాత్రం నాయినకు చివరిదాకా చెప్పలేదాయన.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. నేనూ సారు బెల్టు వేసుకున్నదాన్నేనని చెబుతుంటే విని, వచ్చినవాళ్లలో గౌను కింద బెల్టు వేసుకున్న ఒక పాప నన్నే చూస్తూ దగ్గరికి వచ్చింది.

"కోడి అక్కవు నువ్వేనా?"

పేరు చెప్పకుండా నా కథ పిల్లలందరికీ చెప్పారట సారు. ఏడుస్తూనే నవ్వొచ్చింది. "జర నీ వీపు సూడొచ్చా?" అంది పాప. వెనక్కి తిరిగి నిలబడ్డాను. చిన్న అరచెయ్యి మెడ దగ్గర్నుంచి మెల్లగా కిందికి జారింది.

"నీ బెల్టు గుచ్చుతాందా?" అని అడిగాను.

"లేదక్కా. సారు చెంపకు రాసుకుని సూసిండు" అంది, చెయ్యి నా వీపు మీంచి తియ్యకుండానే.