బొమ్మనహళ్ళిలో పోయిన నలభయ్యో కాగితం

ఈ ప్రయాణానికి మూలం ఒక పిల్ల అడిగిన ప్రశ్న. హిందూపురంలో నేను పిల్లల పుస్తకాలు వేస్తాను. పెద్ద సంస్థ అనుకునేరు, నేనూ, బొమ్మలు వేసే స్నేహితురాలూ, మా మేడ మీద ఒక గదీ, అంతే. రెండేళ్ళ కిందట బెంగళూరు శివారు చందాపురలో తెలుగువాళ్ళ చర్చికి కథలు చదవడానికి వెళ్ళాను. సండే స్కూలు పిల్లల్లో ఒకమ్మాయి లేచి, యూదులు ఇంకా ఉన్నారా, బైబిల్లోనే అయిపోయారా అని అడిగింది. మోషే దగ్గర్నుంచి దావీదు దాకా అందరి పేర్లూ గుక్క తిప్పుకోకుండా చెప్పే పిల్లలు వాళ్ళు. అయినా నిజమైన యూదు ఇల్లు ఒకటి తమ ఊళ్ళోనే ఉందని వాళ్ళకు తెలియదు. నిజం చెప్పొద్దూ, నాకూ తెలియదు.

వెతగ్గా వెతగ్గా రెబెకా ఆంటీ దొరికారు. రిటైరైన టీచరు, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. పుట్టింది బెంగళూరులోనే. పక్కింటివాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగు ఆమెది. శుక్రవారం పొద్దుగూకే వేళ ఇంట్లో రెండు దీపాలు వెలిగించడం, తండ్రి పిల్లల తల మీద చేతులుంచి దీవించడం ఆమె చెబుతుంటే రాసుకుని, బొమ్మల పుస్తకం చేశాం. చివరి కాగితం మీద ఆ దీవెన బొమ్మ, కింద వాళ్ళ నాన్న స్వయంగా రాసిపెట్టిన హీబ్రూ వాక్యాలు. ఆమె ఊ అన్నాకే పుస్తకం పిల్లల చేతికి వెళ్తుందని మాట ఇచ్చాను. ఆమె ఊ అన్నారు కూడా. అక్కడితో ఆగి ఉంటే నేను ఈ పోస్టు రాసేదాన్ని కాదు.

బొమ్మసంద్రలోని ప్రెస్సులో నలభై కాపీలకు చివరి కాగితం మీద పసుపు రంగు పడలేదు. పాప బొమ్మంతా లేత పసుపు గీతలతోనే వేశాం కాబట్టి పాప లేకుండా పోయింది. తండ్రి చేతులు మాత్రం తెల్ల కాగితం మీద అలా ఆగి ఉన్నాయి. ప్రెస్సువాళ్ళు ఫోనులో ఫొటో పంపితే ఒళ్ళు జలదరించింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. చిత్తు కింద పడెయ్యమన్నాను. చెడిపోయిన కాపీలను ఎవరైనా చేసేది అదే. మర్నాడు ఆంటీకి సరదాగా చెబితే ఆమె నవ్వలేదు. ఆ హీబ్రూ దీవెనలో దేవుడి పేరు ఉంది, దేవుడి పేరున్న కాగితాన్ని చెత్తలో వెయ్యరట. మనిషికి చేసినట్టే గుడ్డ చుట్టి మట్టిలో పెడతారట. ఆ నలభై కాగితాలూ మట్టిలో చేరేదాకా పుస్తకం తెరవొద్దన్నారు. అప్పటికే ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు చందాపురలో పుస్తకం ఆవిష్కరణ అని అందరికీ చెప్పేశాను.

అందుకని ఆ ఆదివారం తెల్లవారుజామున అయిదు గంటల బస్సెక్కాను. హిందూపురం నుంచి మెజెస్టిక్‌కు రెండున్నర మూడు గంటలు, ఛార్జీ నూట యాభై దాకా. గౌరిబిదనూరు దాటాక మంచు ఎంత దట్టంగా ఉందంటే డ్రైవరు లైట్లు ఆపనేలేదు. మెజెస్టిక్‌లో ఇడ్లీ తిని మెట్రో ఎక్కి, ఆర్వీ రోడ్డులో పచ్చ లైను దిగి పసుపు లైను మారితే, బొమ్మనహళ్ళి వరకు అంతా కలిపి గంట లోపే. పసుపు లైను అన్న మాట ఆ రోజు నాకు అంతగా నచ్చలేదు.

ప్రెస్సువాళ్ళు చిత్తు అమ్మే దుకాణం బొమ్మనహళ్ళిలో, గార్మెంటు ఫ్యాక్టరీల వెనక సందులో ఉంది. దాన్ని నడిపేది మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఈశ్వరమ్మ. నా అదృష్టం కొద్దీ గోతం విప్పకుండా అలాగే ఉంచింది. పుస్తకాలు తిరగేసి చూసుకున్నాను. ప్రతి దాంట్లోనూ అవే చేతులు, వాటి కింద అదే ఖాళీ. ఇరవయ్యో పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఆ చేతులు నన్నే అడుగుతున్నట్టు అనిపించి గబగబా తిప్పేశాను. నలభై పుస్తకాలూ ఉన్నాయి. ఒకదానికి మాత్రం చివరి కాగితం లేదు.

ఈశ్వరమ్మ ఆ పుస్తకాన్ని వెలుగులో పెట్టి చూసింది. "నేను చింపలేదమ్మా. చింపితే తునకైనా మిగలాల గదా. ఇది దానంతట అదే వచ్చేసుండాది" అంది. గోతాలు దించేటప్పుడు నేల మీద ఊడిపడిన కాగితాలు శెనక్కాయల బండ్లవాళ్ళు ఏరుకుపోతారని కూడా చెప్పింది. హోసూరు రోడ్డు పొడుగునా శెనక్కాయల బండ్లు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. రెండు బండ్ల దగ్గర పొట్లాలు విప్పి చూశాను కూడా. ఒకటి కరెంటు బిల్లు, ఒకటి లెక్కల పరీక్ష పేపరు.

అక్కణ్ణుంచి యూదుల శ్మశానానికి ఆటోలో గంటా పది నిమిషాలు, నాలుగు వందల యాభై. ఊరి హోరు మధ్యలోనే ఉంది, గేటు దాటితే మాత్రం హారన్లు ఎక్కడో దూరంగా వినిపిస్తాయి. ఆంటీ అప్పటికే వచ్చి, గొడుగు కింద నిలబడి ఉన్నారు. కాపలా ఉండే మునియప్ప తాత ఒక చిన్న సమాధి రాయి పక్కన గుంత తవ్వి పెట్టాడు. దగ్గరికి వెళ్ళి చూశాను. అది పిల్లల కొలత.

తాత పార పక్కన పెట్టి, "ఎన్నేండ్లమ్మా?" అని అడిగాడు.

"ఆరేండ్లు" అన్నారు ఆంటీ.

పుస్తకాలు తాతా అని నేను అడ్డుపడ్డాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. ఇక్కడ గుంత తవ్వితే వయసు అడగడం వాళ్ళ నాన్న కాలం నుంచీ ఉన్న పద్ధతేనట. పుస్తకాలైనా సరే, అడక్కుండా మన్ను వెయ్యడట.

ఆంటీ తెల్లగుడ్డ పరిచి, ఒక్కో పుస్తకం చివరి కాగితాన్ని వేళ్ళతో తడుముతూ పుస్తకాలు పేర్చారు. నేను ఇంకా నోరు తెరవకముందే, కాగితాలు ముప్పై తొమ్మిదే ఉన్నాయని చెప్పేశారు. గుడ్డ కట్టాం, దించాం, మూడేసి గుప్పిళ్ళు మన్ను వేశాం. అప్పుడు ఆమె పక్కనున్న చిన్న సమాధి రాయి మీద, వాళ్ళ ఆచారం ప్రకారం, ఒక గులకరాయి పెట్టారు. ఆ దీవెన తన మీద కాదని, ఆ రాయి కింద ఉన్న తన చెల్లెలి మీద చేసిందని అప్పుడు చెప్పారు. రెండేళ్ళుగా ఆ పాప ఆంటీయే అనుకుంటూ వచ్చాను నేను.

"ఒకటి బయటుండాది. అది వచ్చేదాకా పుస్తకం మూసే పెట్టప్పా. పిల్లోళ్ళకి ఇయ్యొద్దు" అన్నారు. కోపంగా అనలేదు, అందుకే ఎదురు చెప్పలేకపోయాను. రెండేళ్ళ పని ఒక శెనక్కాయల పొట్లం కోసం ఆగిపోతోందని లోపల మాత్రం కుతకుతలాడిపోయాను.

మధ్యాహ్నం ఆంటీ, నేనూ మళ్ళీ మెట్రో పట్టుకుని చివరి స్టేషను బొమ్మసంద్రలో దిగాం. అక్కణ్ణుంచి చందాపురకు ఆటో ఎనభై రూపాయలు. ఎంతమందని ఆటో అతను అడిగితే ఇద్దరమని చెప్పాను. అద్దంలోకి ఒకసారి చూసి, సరే అని బండి తీశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. ఆంటీ తన పక్కన కాస్త చోటు వదిలి కూర్చున్నారు. అలవాటేమో.

చర్చి హాల్లో ముప్పై మంది పిల్లలు. మంచి కాపీల పెట్టెలు గోడ పక్కన, టేపు తియ్యకుండా. పుస్తకం ఈ రోజు ఇవ్వలేనని పాస్టరుగారికి చెప్పి, పుస్తకం లేకుండానే కథ చెప్పాను. చివరి బొమ్మ దగ్గరికి వచ్చినప్పుడు, నాన్న చేతులు ఇలా ఉంటాయని గాల్లో చూపించాను. రెండో వరసలో కూర్చున్న జెస్సీ అనే ఎనిమిదేళ్ళ పిల్ల లేచి బయటికి పరిగెత్తింది. వాళ్ళిల్లు పక్క సందులోనే. అయిదు నిమిషాల్లో చేతిలో ఒక కాగితంతో వచ్చింది. వాళ్ళ నాన్న డ్యూటీ నుంచి వస్తూ తెచ్చిన శెనక్కాయల పొట్లమట. మడతలు సాపు చేసి, అన్నంతో తన మంచం దగ్గర గోడకు అంటించుకుందట.

ఆంటీ కళ్ళజోడు పెట్టుకున్నారు. నేనూ వంగి చూశాను. చేతుల కింద ఖాళీ లేదు. పెన్సిలుతో గీసిన ఒక పిల్ల ఉంది. ఒక పక్క జడ గట్టిగా అల్లి ఉంది. రెండో పక్క జుట్టు విరబోసి ఉంది. మా పుస్తకంలో పాపకు రెండు జడలు. పైగా జెస్సీ మా పుస్తకం చూసిందీ లేదు.

ఎందుకిట్లా గీసినావని ఆంటీ అడిగారు. 

"రెండో జడ వేసేలోపే వాళ్ళ నాన్న పిలిచాడు కదా మామ్మా" అంది జెస్సీ, ఇది కూడా తెలీదా అన్నట్టు.

ఆంటీ చాలాసేపు ఆ కాగితం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. తరవాత దాన్ని జెస్సీకే ఇచ్చేశారు. నాకు అర్థం కాలేదు. పొద్దున్నుంచీ దాని కోసం తిరిగింది నేను కదా. "పనికిరానిదాన్ని పూడుస్తారప్పా. ఇది పనిలో ఉండాది" అన్నారు. పెట్టెలు విప్పమన్నారు. ఆ సాయంత్రం ముప్పై మంది పిల్లలకూ పుస్తకాలు అందాయి.

తిరుగు మెట్రోలో ఆంటీ చెప్పారు. ఆ శుక్రవారం వాళ్ళమ్మ ఒక జడ వేసి రెండోది మొదలుపెడుతుంటే, పొద్దు గూకుతోంది, దీవెనకు రమ్మని నాన్న కేకేశారట. చెల్లెలు అలాగే పరిగెత్తిందట. ఆ రాత్రే జ్వరం. మరుసటి శుక్రవారానికి ఆ పిల్ల లేదు. బొమ్మ వేసేటప్పుడు మేం అడిగితే రెండు జడలని అబద్ధం చెప్పానని, నిజం చెప్పడానికి నోరు రాలేదని అన్నారు. ఈ సంగతి నీకెప్పుడైనా చెప్పినానా అని నన్ను అడిగారు. లేదన్నాను. ఎవరికీ చెప్పలేదని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. కొంచెం భయం కూడా వేసింది, ఒప్పుకుంటాను.

పుస్తకాల దుకాణాలవాళ్ళు ఈ పుస్తకాన్ని ఇప్పటికీ భక్తి పుస్తకాల వరసలోనే పెడుతున్నారు. పిల్లల పుస్తకాల్లో పెట్టమని చెప్పి చెప్పి విసుగొచ్చి వదిలేశాను. చచ్చినవాళ్ళ గురించి పుస్తకం వేస్తే వాళ్ళు ఊరికే ఉంటారని ఇదివరకు అనుకునేదాన్ని, ఇప్పుడు అనుకోవడం లేదు. ఆంటీ మాట ప్రకారం రెండో ముద్రణలో ఆ చేతుల కింద చోటు ఖాళీగానే వదిలేశాం, పిల్లలే నింపుకోవడానికి. ఇప్పటికి మూడు ఊళ్ళలో చదివాను. రెండు జడలు గీసిన పిల్ల ఒక్కతీ లేదు. మీరూ ఎక్కడైనా పిల్లలకు ఈ పుస్తకం చదవడానికి వెళితే, తలా ఒక పెన్సిలు సరిపోయేలా తీసుకెళ్ళండి. వాళ్ళు గీసేటప్పుడు మాత్రం జడల సంగతి ఎత్తకండి.