పివట్ టేబుల్ సారు

మా తిరువూరు వ్యవసాయ ఆఫీసుకు కొత్తగా వచ్చిన సారుకు పొలం గట్టు మీద నడవడం రాదు గానీ, ఎక్సెల్‌లో ఒకే పేరున్న వరుసలన్నీ కలిపి మొత్తం తేల్చే పివట్ టేబుల్ వచ్చు. అది నేర్చుకున్న దగ్గర్నుంచీ ఆయన కాళ్లు నేల మీద ఆనడం లేదు. నేను వారం రోజులు గంపలగూడెం వైపు బురదలో తిరిగి, వానకు పోయిన పత్తి చేలన్నీ ఒక్కో రైతుకు ఒక్కో వరుసగా ఎక్సెల్‌లో ఎక్కించాను. ఆయన ఫ్యాను కింద కూర్చుని, మౌసుతో రెండు కాలమ్‌లు లాగి, "చూశారా, మీ వారం పని నిమిషంలో తేల్చేశా" అన్నాడు. అబ్బో, ఏం ప్రతాపం!

ఆయన లాగింది పట్టాదారు పేరున్న కాలమ్, ఎకరాల కాలమ్. మా వైపు కౌలంతా నోటిమాట మీదే నడుస్తుంది; పాసు పుస్తకం ఒకరిది, చాకిరీ ఇంకొకరిది. అందుకే సాగు చేసేవాళ్ల పేర్లు పక్క కాలమ్‌లో విడిగా రాశాను. సారు దాని వంక చూస్తేగా! ఒకే ఆసామి దగ్గర కౌలుకు చేసే నలుగురూ కలిసి ఒక్క వరుసైపోయారు. ఆ వరుసకు ఆసామి పేరు. మళ్లీ విత్తుకోవడానికి ఉచిత విత్తనాలు ఆ జాబితా ప్రకారమే ఇస్తారు.

జాబితా గోడకు అంటించిన రోజు ఆ నలుగురిలో ఒకావిడ వచ్చింది. వెతికి వెతికి, "నా పేరు లేదేంటండీ? ఈ అదును పోతే ఈ ఏడు ఇంక పంట లేనట్టే" అంది.

"పేరు లేదంటే నువ్వు పంట వెయ్యలేదనేగా అమ్మా" అన్నాడు సారు. సిగ్గుండాలి!

నాకు ఒళ్లు మండింది. వెళ్లి సారు కంప్యూటర్లో ఆసామి పేరు ఎదురుగా ఉన్న ఎకరాల మొత్తం మీద టకటకా రెండుసార్లు నొక్కాను. అలా నొక్కితే ఆ అంకె వెనకున్న వరుసలన్నీ కొత్త షీటులో బయటపడతాయి. నలుగురూ వచ్చారు. రెండో వరుసలో ఆవిడ. సారు నోరు వెళ్లబెట్టాడు. అంతటి మొనగాడికి అది కూడా తెలియదు. వెంటనే తేరుకుని, "పైకి పంపేశాం. ఇప్పుడు మారిస్తే నాకూ మీకూ మెమో వస్తుంది. మూసెయ్యండి" అన్నాడు.

ఆవిడ నా వైపు తిరిగి, "కంప్యూటర్లో ఉన్నానుగా సార్, అయితే ఇస్తారుగా?" అంది.

నేను షీటు మూసేశాను.

ఆ సారును పిరికిపంద అని ఇప్పటికీ అందరి దగ్గరా తిడుతుంటాను. నన్నెవరూ ఆ మాట అనలేదు. విత్తనాలిచ్చిన రోజు ఆసామి ఆటో తెచ్చి నలుగురి సంచులూ ఎక్కించుకుపోయాడు. రిజిస్టరు తెరిచి, సంతకం ఎక్కడ పెట్టాలో ఆయనకు వేలు పెట్టి చూపించింది నేనే.