ఖదీర్ టేపు, పంతులు గారి ముల్కీ

ఖదీర్ మనిషిని చూస్తే ఊరుకోలేడు, కొలుస్తాడు. బట్టలు కుట్టించుకునేవాళ్లనే కాదు, బీడీకి నిప్పు అడగడానికి వచ్చినవాడిని కూడా "జర చేతులు లేపు" అని నిలబెట్టి, ఛాతీ, నడుము, మెడ చకచకా కొలిచి, నోటుబుక్కులో తారీఖు వేసి రాసుకున్నాకే నిప్పు ఇస్తాడు. ఆడవాళ్లు వస్తే లోపల అతని భార్య నఫీసా బేగం కొలుస్తుంది. మానుకోటకు మూడు కోసుల దూరంలో ఉన్న ఆ ఊరికి ఉన్న దర్జీ అతనొక్కడే కాబట్టి జనం భరించారు.

రఘునాథ్ పంతులు మాత్రం పదహారేళ్లయినా అలవాటు పడలేదు. సరిహద్దు అవతలి నందిగామ వైపు నుంచి బడి చెప్పడానికి వచ్చిన తొలిరోజు, బండి దిగుతుంటే వెనకనుంచి ఎవరో నడుము పట్టుకున్నారు. దొంగ అనుకుని పంతులు కేక పెట్టాడు. "ఇరవై ఎనిమిది" అన్నాడు ఖదీర్. సలాము ఆ తర్వాత చెప్పాడు.

భిక్షపతి పెళ్లిలో అయితే జీలకర్ర బెల్లం పెట్టే వేళకు పీటల మీదున్న పెళ్లికొడుకును కొలిచాడు. అత్తగారు పళ్లెం కింద పడేసింది. పోలీసు చర్య తర్వాత జరిగింది అంతకంటే ఘోరం. అడవిలోని కమ్యూనిస్టు దళాలను వెతుక్కుంటూ మిలిటరీ వచ్చి ఊరు ఊరంతటినీ చేతులెత్తించి బజార్లో నిలబెట్టింది. అన్ని చేతులు ఒక్కసారే లేచేసరికి ఖదీర్‌కు ఉండబట్టలేదు. టేపు తీసి వరస మొదటినుంచి కొలుచుకుంటూ వచ్చాడు. ఒక జవాను తుపాకీ ఎక్కుపెట్టాడు. పంతులు గట్టిగా కళ్లు మూసుకున్నాడు. తెరిచి చూస్తే ఖదీర్ ఆ జవాను మెడే కొలుస్తున్నాడు, భాష తెలియని ఆ కుర్రాడు బుద్ధిగా గడ్డం పైకెత్తి నిలబడ్డాడు.

ఇదిలా ఉండగా 1950 వేసవిలో పంతులు నెత్తిన పిడుగు పడింది. బయటి నుంచి వచ్చిన బడిపంతుళ్లు నెలలోపల ముల్కీ సర్టిఫికెట్, అంటే స్థానికుడేనన్న పత్రం, చూపాలి, లేదంటే ఉద్యోగం పోతుంది. ముల్కీ కావాలంటే హైదరాబాద్ రాజ్యంలో పదిహేనేళ్లు ఎడతెగకుండా ఉన్నట్టు రుజువు పెట్టాలి, తిరిగి సొంతూరికి పోనని ప్రమాణపత్రం రాయాలి. ప్రమాణం సులువే, అక్కడ ఆయనకు ఎవరూ మిగల్లేదు. రుజువే కష్టం. ఆయన పేరున్న చిట్టాలన్నీ పట్వారీ ఇంట్లో ఉండేవి. రెండేళ్ల కింద కమ్యూనిస్టుల సంఘం పిలుపు మీద జనం ఆ కాగితాలన్నీ బజార్లో కుప్పపోసి తగలబెట్టారు. ఆ రోజు నిప్పు దొరక్కపోతే ఉత్సాహంగా అగ్గిపెట్టె అందించినవాడు పంతులే.

చేసేది లేక పక్కింటి లచ్చవ్వను మానుకోట తహసీల్ కచేరికి సాక్ష్యంగా తీసుకుపోయాడు. పంతులు ఏ సంవత్సరం వచ్చాడని అక్కడి పెద్ద గుమాస్తా పేష్కార్ అడిగాడు. మా ఎర్రావు రెండో ఈత ఈనిన యేడు అని లచ్చవ్వ ఠక్కున చెప్పింది. అది ఏ సంవత్సరమని అడిగితే, గదే చెప్తున్న గద అని ఆయన్నే కసిరింది. తారీఖులున్న రాత పట్టుకొస్తే తప్ప మళ్లీ రావద్దని పేష్కార్ ఇద్దర్నీ పంపించేశాడు.

గడువు ఇంకా నాలుగు రోజులే. పంతులు వచ్చి ఖదీర్ అరుగు మీద కూలబడి సంగతంతా చెప్పుకున్నాడు. అంతా విని ఖదీర్ టేపు తీశాడు.

"నన్ను ఊళ్లోంచి వెళ్లగొడుతుంటే నడుం కొలుస్తావేంటయ్యా?" అన్నాడు పంతులు, ఒళ్లు మండి.

"రెండించులు తగ్గినవ్ పంతులూ" అని ఖదీర్ లోపలికి పోయి రేకు సందూకు మోసుకొచ్చాడు. అందులో పంతులు వచ్చిన ఏటినుంచి ఏడాదికొకటి చొప్పున పదహారు నోటుబుక్కులున్నాయి.

రాతంతా ఉర్దూ, పంతులు కొలువు కోసం అది నేర్చినవాడే. మొదటి పుస్తకం తెరవగానే తన పేరు కనిపించింది: కొత్త పంతులు, నడుము 28. తర్వాతి ఏడూ ఉంది, ఆ పైఏడూ ఉంది. సంతోషంతో పేజీలు తిప్పుతూ పోయి ఒకచోట కొయ్యబారిపోయాడు. "నడుము 25. జొన్నలు" అని ఉంది. అది జీతాలు ఐదు నెలలు ఆగిన ఏడు. తెల్లారి తలుపు తీస్తే గడప మీద జొన్నల మూట ఉండేది. సంఘంవాళ్లు పెట్టిపోతున్నారనుకున్నాడు. ఆ కృతజ్ఞతతోనే అగ్గిపెట్టె ఇచ్చాడు.

మిగతా పేజీలూ చూశాడు. లచ్చవ్వ, రవిక వదులు, నూకలు. ఆ నూకలు ఉప్పలమ్మ తల్లి పంపిందని లచ్చవ్వ ఏటేటా కొబ్బరికాయ కొడుతోంది. పోశాలు, మెడ సన్నం, పిండి. మిలిటరీ పిలగాడు, మెడ 13, చాయ్, రెండు రొట్టెలు.

"ఆకలైతుందా అంటే లేదంటరు పంతులూ. నడుమైతే అబద్ధమాడది" అన్నాడు ఖదీర్, తప్పు చేసి దొరికిపోయినవాడిలా.

ఇంకో పేజీలో అడవిలో ఉన్న మనుషుల పేర్లు, వాళ్ల ఛాతీలు, వాళ్లకిచ్చిన రొట్టెలు ఉన్నాయి. పంతులు చప్పున వీధివైపు చూశాడు. ఇది కచేరిలో ఎవరి కంటపడినా ఖదీర్ వరంగల్ జైల్లో ఉంటాడు. పుస్తకాలు సందూకులో పడేసి మూత వేశాడు. ఉద్యోగం పోతే పోనీ, వీటిని గడప దాటించేది లేదన్నాడు. ఖదీర్ వాదించలేదు. కత్తెర తీసుకుని పదహారు పుస్తకాల్లోంచి పంతులు పేరున్న వరసలు మాత్రం కత్తిరించి, తెల్లగుడ్డ పట్టీ మీద వరసగా మిషన్ కుట్టు వేసేశాడు.

మర్నాడు ఇద్దరూ దాన్ని కచేరికి పట్టుకుపోయారు. దరఖాస్తు బల్ల మీంచి జారి నేలదాకా పరుచుకోవడం పేష్కార్ సర్వీసులో ఎన్నడూ చూడలేదు. ఈ రఘునాథ్ ఆ రఘునాథే అని రుజువేమిటన్నాడు. ఖదీర్ పంతులు భుజం కొలిచి చూపించాడు, పదహారున్నర. పట్టీలో పదహారేళ్లూ భుజం పదహారున్నరే. పేష్కార్ ఒక్కో తారీఖు మీద వేలు పెట్టుకుంటూ వచ్చి మధ్యలో ఆగాడు.

"ఈ జొన్నలేంది?"

జీవితంలో మొదటిసారి ఖదీర్ నేల చూశాడు. జవాబు పంతులు చెప్పాడు.

"నేను ఇక్కడ బతికినందుకు అదే రుజువు సార్."

పేష్కార్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి ముద్ర కొట్టాడు. ముద్ర తడి ఆరకముందే ఖదీర్ బల్ల చుట్టూ తిరిగిపోయి "జర చేతులు లేపున్రి సాబ్" అన్నాడు. పేష్కార్ బిత్తరపోయి లేపాడు.

బయటికొచ్చాక ఖదీర్ రాసుకుంటున్నది పంతులు తొంగిచూశాడు. పేష్కార్ సాబ్, నడుము 26, సజ్జలు.

"భాయ్, గిది లంచమంటరు" అన్నాడు పంతులు బెంబేలెత్తి.

"పని అయినంక ఇచ్చేది లంచమెట్లయితది? ఎవరిచ్చిన్రో తెలిస్తే గద."

తర్వాతి అంగడి రోజున, హైదరాబాద్ రాజ్యపు శాశ్వత నివాసి రఘునాథ్ పంతులు సజ్జల మూట నెత్తిన పెట్టుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ, మానుకోటలో పేష్కార్ ఇల్లు ఎక్కడని అడుగుతూ పోయాడు.