అరువత్త ఇల్లు చూసిన పద్ధతి

మా మేనత్తకు సొంత వస్తువుతో పని జరగదు. ఇంట్లో ఏది ఎన్ని ఉన్నా సరే, పక్కింటి నుంచి అడిగి తెచ్చుకుంటేనే ఆమె చెయ్యి ఆడుతుంది.

ఆమె వంటింట్లో చాకులకు కొదవ లేదు, అన్నీ పదునైనవే. అయినా నిమ్మకాయ కోయాలంటే చెప్పులు వేసుకుని ఎదురింటికి బయలుదేరుతుంది. ఆ ఇంటావిడ చాకు అడిగి, తెచ్చి, కోసి, కడిగి, తుడిచి, తిరిగి ఇచ్చి, గుమ్మంలో కాసేపు నిలబడి వచ్చేసరికి కోసిన నిమ్మకాయ ఎండిపోయి ఉంటుంది. ఆమెను మా ఇంట్లో అందరూ అరువత్త అంటారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆమె దాన్ని బిరుదు పుచ్చుకున్నట్టు పుచ్చుకుంటుంది.

ఆమె ఉద్యోగం కూడా ఇలాంటిదే. ఒక కర్మాగారంలో పనిముట్ల గది చూసేది. పొద్దున సుత్తులూ, స్పానర్లూ కిటికీలోంచి ఇవ్వడం, సాయంత్రం అదే కిటికీలోంచి పుచ్చుకోవడం. ఉద్యోగమంతా కిటికీకి ఇవతల కూర్చుని ఇచ్చీ ఇచ్చీ విసిగిపోయిందనీ, రిటైరయ్యాక అవతలి వైపుకు మారి లోకం నుంచి అన్నీ రాబట్టుకుంటోందనీ మా నాన్న అంటాడు.

నేను దీనికి పూర్తిగా తిరగేసిన రకం. ఎవరినీ ఏదీ అడగను. రసాయనశాస్త్రం చదివాను. ఎవరి పరీక్షనాళిక వాళ్ళే కడుక్కోవాలని మొదటిరోజే నేర్పారు, ఆ ఒక్క పాఠం మాత్రం ఎముకల్లోకి దిగిపోయింది. తండ్రినయ్యాక ఇంకా ముదిరింది. మా పాపకు దుమ్ము లేచినా, చలిగాలి తగిలినా ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. అందుకని మా ఇంట్లో ప్రతి గదికీ ఒక థర్మామీటరు, మందును ఆవిరిగా పట్టే యంత్రం ఒకటి, నా చొక్కా జేబులో గాలిలోని దుమ్మును కొలిచే మీటరు ఒకటి. నా భార్య కొత్తవాళ్ళకు నన్ను పరిచయం చేసేటప్పుడు మీటరును కూడా పరిచయం చేస్తుంది.

ఇలా ఉండగా నాకు కొండలవైపు బదిలీ అయింది. మంచినీళ్ళు పరీక్షించే ల్యాబు. దాన్ని కట్టినవాడెవడో గానీ సరిగ్గా కొండదారి సగంలో కట్టాడు. బస్సెక్కి కిందికి దిగితే నగరం, పైకెక్కితే చిన్న ఊరు. రెండింటికీ ఒకటే దూరం. కిందున్న నగరంలో పిల్లల ఆసుపత్రి ఉంది, పీల్చడానికి గాలి లేదు. పైనున్న ఊళ్ళో కావలసినంత గాలి ఉంది, ఆసుపత్రి లేదు. నేను ఊరన్నాను. నా భార్య నగరమంది. రాత్రంతా ఆలోచించి మర్నాడు నేను నగరమన్నాను, అప్పటికి ఆమె ఊరికి మారిపోయింది. మళ్ళీ ఎవరి చోటికి వాళ్ళం తిరిగొచ్చాం. నా వైపు గ్రాఫులున్నాయి. ఆమె వైపు పాప ఉంది, ఆమె చంకలో.

సంగతి మా నాన్న నోట విని అరువత్త సంచీ సర్దుకుని దిగింది. ఆ సంచీ కూడా ఎవరిదో.

"ఇళ్ళు చూడ్డానికి నేనూ వస్తానురా."

"నువ్వేం చూస్తావత్తా?"

"నువ్వు చూసేవి తప్ప అన్నీ."

ముందు పైన ఊరికి వెళ్ళాం. చెక్క మెట్ల చిన్న ఇల్లు. కిటికీ తెరిస్తే కొండ గదిలోకి తొంగి చూస్తున్నట్టుంది. మీటరులో అంకె చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మా పెళ్ళిరోజు కూడా నా మొహం అంతగా వెలగలేదని నా భార్య అంది. ఇంటాయనతో అద్దె మాట్లాడి తిరిగి చూస్తే అత్త లేదు. కాసేపటికి భుజాన నిచ్చెనతో వచ్చింది. ఎందుకని అడిగితే అటక చూడాలంది. ఆ ఇంటికి అటకే లేదు.

"లేదని ఎక్కితే గదా తెలిసేది," అంది.

అటక లేదని ఎక్కి తేల్చుకున్నాక మళ్ళీ వీధిలో పడింది. ఒకింట్లో గొడుగు అడిగింది. ఇంకో ఇంట్లో బుట్ట అడిగింది. అందరూ నవ్వుతూ ఇచ్చారు. ఎప్పుడు తెచ్చివ్వమంటారని అడిగితే, అయ్యో ఫరవాలేదు, మీ దగ్గరే ఉంచేసుకోండి అన్నారు. నిచ్చెన వాళ్ళు కూడా అంతే. అది కిందటి అద్దెవాళ్ళు వదిలేసి పోయిందేనట. నాకు ఆ ఊరి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఇంత మంచి గాలి పీల్చేవాళ్ళు మంచివాళ్ళు కాక ఏమవుతారు అనుకున్నాను. ఇలాంటి సూత్రాలు నాకు గాలి బాగున్నచోట తడతాయి.

తిరుగుబస్సులో అత్త మొహం మాడ్చుకుని కూర్చుంది.

"మంచి మనుషులత్తా. నిచ్చెన కూడా ఉంచేసుకోమన్నారు."

"నిచ్చెన ఎవరైనా ఉంచేసుకోమంటారట్రా? మళ్ళీ నీ మొహం చూడక్కర్లేదనుకుంటేనే అంటారు. ఆ వీధిలో ఇంటింటికీ గదులు అద్దెకిచ్చే బోర్డే. వచ్చినవాడల్లా చల్లగా ఉన్నన్నాళ్ళు ఉండి పోయేవాడే. వాళ్ళు నవ్వింది నిన్ను చూసి కాదు, రేపో మాపో నువ్వు సర్దుకునే పెట్టెను చూసి."

నవ్వులో ఇన్ని రకాలుంటాయని నాకు ఏ ప్రయోగశాలలోనూ చెప్పలేదు.

మర్నాడు నగరం. పాత భవనంలో మూడో అంతస్తు. మెట్ల గోడల నిండా చేతుల జిడ్డు, కింద మోటారు మోత. మీటరు చూసి నేను పాప మొహం మీద నా జేబురుమాలు కప్పబోతే నా భార్య లాగేసింది. అత్త ఎప్పటిలాగే గుమ్మాల మీదికి వెళ్ళింది. ఈసారి కత్తెర. మొదటి తలుపు వెనక ఎవరో నడిచిన చప్పుడు వినిపించింది, తలుపు తెరుచుకోలేదు. మా ఎదురు ఫ్లాటు కుర్రాడు గొలుసు వేసే ఉంచి సందులోంచి ఒక కన్ను మాత్రం చూపించాడు. కత్తెర ఫోన్‌లో ఆర్డరు పెట్టుకోండి, పది నిమిషాల్లో వస్తుంది అని సలహా ఇచ్చి ఆ కన్ను కూడా తీసేసుకున్నాడు.

నాకు లోలోపల సంతోషంగా ఉంది. నగరం ఓడిపోతోంది.

అన్నిటికన్నా కింది అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ ఉంది. ఆమె కత్తెర ఇచ్చింది గానీ ఇచ్చేముందు పోలీసులు అడిగినట్టు అడిగింది. ఎవరు మీరు, ఏ ఫ్లాటు, ఏం కోస్తారు, కాగితం కోస్తే ఊరుకోను, ఎంతసేపట్లో ఇస్తారు. గంటలో అంది అత్త. గంట కాకముందే ఆవిడ రొప్పుతూ మూడంతస్తులెక్కి వచ్చింది. కత్తెర లాక్కుని వెలుగులో పెట్టి రెండంచులూ చూసింది. తర్వాత పాపను చూసింది.

"పిల్ల ఊపిరి అలా లాగుతోందేం?"

నేను గాలిలోని ధూళికణాల గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ పూర్తిగా వినకుండానే వెళ్ళిపోయింది. అత్త మొహం మాత్రం పట్టా పుచ్చుకున్నదానిలా వెలిగిపోతోంది.

"ఇదే తీసుకోరా."

"ఇదా? ఇద్దరు తలుపు తియ్యలేదు. తీసినావిడ తిట్టింది."

"తిరిగి అడిగింది గదరా."

దీనికి ఏ గ్రాఫు గీయాలో నాకు తోచలేదు. ఆసుపత్రి రెండు వీధుల అవతలే ఉందని ముందే చూసి పెట్టుకున్న నా భార్య, పెద్దావిడ చెప్పాక ఇంక ఆలోచించేదేముంది అంది. మా ఇంట్లో అత్త మాటను ఎవరైనా శాస్త్రంగా ఒప్పుకోవడం అదే మొదలు.

సామాను చేర్చాక సర్దిపెట్టి పోతానని అత్త ఉండిపోయింది. అప్పటినుంచి ఆ భవనానికి మనశ్శాంతి లేదు. పైన పాటలు నేర్పే మాస్టారి దగ్గర ఫ్యాను తెచ్చింది. మా ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది. రెండో అంతస్తులో టాక్సీ డ్రైవరు దగ్గర కారు పైకెత్తే జాకీ తెచ్చింది. మాకు కారు లేదు. బీరువా ఒక పక్కకు ఒరిగిందట, కాలు కింద అట్టముక్క పెట్టాలట. ఎదురు ఫ్లాటు కుర్రాడి తలుపు తెరిపించడానికి కొన్నాళ్ళు పట్టింది. గొలుసు తీశాక అతని ఫోన్ అరువడిగింది.

నేను ఆఫీసు నుంచి తలవంచుకుని మెట్లెక్కేవాణ్ణి. ఎవరో ఒకరు ఆపేవారు. జాకీ ఏదండీ. ఫ్యాను ఏదండీ. మీ పెద్దావిడ గొడుగు తీసుకెళ్ళింది, వాన పడుతోంది చూశారా. మూడంతస్తులు ఎక్కేసరికి నా పరువు మొదటి అంతస్తులోనే ఉండిపోయేది.

"మనింట్లో లేనిదేమిటత్తా?" అని ఒకరోజు గట్టిగానే అడిగాను.

"ఉన్నది వాడితే అరిగిపోతుందిరా," అంది.

చివరికి ఒకనాటి ఉదయం బస్సెక్కింది. హమ్మయ్య అనుకుంటూ ఇంటికొచ్చి చూద్దును గదా, బల్ల మీద జాకీ, ఫ్యాను, గొడుగు, కత్తెర, ఇంకా ఎవరివో తెలియని గిన్నెలు గుట్టగా ఉన్నాయి. బస్సులోంచే ఫోన్ చేసింది. మరిచిపోయిందట. ఎవరివి వాళ్ళకు నన్నే ఇచ్చేయమంది.

ఒక చంకలో పాప, ఒక చేతిలో జాకీ. రెండు సాయంత్రాలు నేను ఆ భవనమంతా గుమ్మం గుమ్మానా నిలబడ్డాను. ప్రతి చోటా తిట్టారు. తిట్టడానికి తీరిగ్గా ఉంటుందని కూర్చోబెట్టారు. కుట్టే ఆవిడ కత్తెర పుచ్చుకుని, తిడుతూనే పాప భుజాలకు టేపు పెట్టి గౌను కొలత తీసుకుంది. ఎదురు కుర్రాడొక్కడే తిట్టలేదు, పాపకు తన ఫోన్‌లో ఏనుగును చూపించాడు. తిట్లు తినడానికి ఇంత పద్ధతిగా తిరిగినవాడు మా డిపార్ట్‌మెంటులో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

తర్వాత కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం. నాకు సెలవు, నా భార్య పనికి వెళ్ళింది. పాప నిద్ర లేవడమే పిల్లికూతలతో లేచింది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. ఆవిరి యంత్రం పెట్టాను. అది గుర్రుమని, కాలిన వాసన కొట్టి, ఆగిపోయింది. ఇంట్లో థర్మామీటర్లన్నీ చక్కగా పనిచేస్తున్నాయి.

పాపను ఎత్తుకుని పరుగున మెట్లు దిగాను. రెండో అంతస్తులో నిలబడి ఫోన్‌లో టాక్సీ వెతికాను. దగ్గర్లో ఏదీ లేదంది, వెతుకుతున్నానంది. నా పక్కనే ఒక తలుపు ఉంది. దాని మీద టాక్సీ బొమ్మ అంటించి ఉంది. దాన్ని తట్టి ఏమనాలి? శ్రమ అనుకోకపోతే అనాలా? మీకు వీలుంటే అనాలా? నేనింకా వాక్యం కట్టుకుంటూ ఉన్నాను. పాప ఊపిరి చప్పుడు మెట్ల గోడలకు కొట్టుకుంటోంది. కింది నుంచి కుట్టే ఆవిడ తల పైకెత్తి చూసింది.

"డ్రైవరూ, తాళాలు పట్టుకురా. గుమ్మం ముందర టాక్సీ పెట్టుకుని ఫోన్‌లో టాక్సీ వెతుకుతున్నాడు ఈ చదువుకున్నాయన."

తలుపు తెరుచుకుంది. తర్వాత అన్నీ త్వరగానే జరిగిపోయాయి. డ్రైవరు తిట్టుకుంటూ నడిపాడు, ట్రాఫిక్‌ను కొంచెం, నన్ను ఎక్కువ. ఆసుపత్రిలో మందు పట్టిన కాసేపటికి పాప ఊపిరి కుదుటపడింది. ఇంకాసేపటికి నర్సు మెడలో స్టెతస్కోపు కావాలని పేచీ మొదలుపెట్టింది. అచ్చం మా మేనత్త పోలిక.

వరండాలో డ్రైవరు నా ఎడమకాలి చెప్పు పట్టుకుని కూర్చున్నాడు. కారెక్కేటప్పుడు మెట్ల మీద వదిలేశానట. ఇంత శ్రమ ఇచ్చినందుకు ఏమనుకోవద్దని అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీ మేనత్త ముందే చెప్పిందండీ. మావాడు ఇల్లంటుకున్నా నీళ్ళు అడగడు, వాడు అడిగేదాకా చూడొద్దని."

"ఎప్పుడు చెప్పింది?"

"జాకీ తీసుకున్నప్పుడు. మొదటిసారి కాదు, రెండోసారి."

"రెండోసారా?"

"ఆవిడ ఏ వస్తువూ ఆలస్యం చెయ్యలేదండీ. జాకీ తీసుకున్నరోజే, మీరు మెట్లెక్కి వెళ్ళిన కాసేపటికే తుడిచి తెచ్చిచ్చేసింది. ఫ్యానూ అంతే, కత్తెరా అంతే. ఊరికి పోయే రోజు పొద్దున్నే వచ్చి అన్నీ మళ్ళీ అడిగి పట్టుకుపోయింది. ఇప్పుడెందుకమ్మా అంటే, మావాడు తెచ్చిస్తాడు, రాగానే పంపెయ్యకండి, కూర్చోబెట్టి కాసేపు తిట్టండి అంది. నాకసలు తిట్టడం రాదండీ. ఏదో పెద్దావిడ మాట కాదనలేక."

ఆయన కారులో నన్ను తిట్టిన తిట్లు గుర్తొచ్చాయి. చెప్పు పుచ్చుకుని తొడుక్కున్నాను.

రెండురోజుల తర్వాత అత్త ఫోన్ చేసింది. ఆసుపత్రి ఊసెత్తలేదు. కుట్టే ఆవిడ ద్వారా ఆమెకు అంతా తెలిసిపోయిందని నాకు తెలుసు. కత్తెర తీసుకున్ననాడే నంబరు కూడా తీసుకుంది. కాసేపు ఎండల గురించి మాట్లాడి అసలు సంగతికి వచ్చింది.

"నీ గాలి మీటరు ఒక వారం అరువివ్వరా. మా వీధిలో రోడ్డు తవ్వుతున్నారు. ఎంత దుమ్ము తింటున్నామో చూస్తాను."

ఆ మనిషికి ఒక మీటరేమిటి, ఏది అడిగినా ఇచ్చేస్తాను.

"ఉంచేసుకో అత్తా," అన్నాను.

ఆ మాట నోరు దాటగానే కొండమీది ఊళ్ళో నిచ్చెన గుర్తొచ్చింది.

"కాదు కాదు. వారమంటే వారమే. నువ్వే స్వయంగా తెచ్చివ్వాలి. ఒక్కరోజు ఆలస్యమైతే నేనే వచ్చి మీ వీధిలో గొడవ చేస్తాను."

"అదీ, అలా అడుగు," అంది అత్త. "ఉండు మరి. మీటరు పట్టే మంచి సంచీ ఒకటి కావాలి. ఎదురింటావిడను అడిగి వస్తాను."