తాకరాదని రాసిన విసుర్రాయి

నా విసుర్రాయి ముందు ‘దయచేసి తాకరాదు’ అన్న అట్ట నిలబెట్టినప్పుడు, మా ఇంట్లో మూడు కుంచాల కందులు దాని కోసం ఎండి కూర్చున్నాయి.

మా ఊరు కొత్తకోట పక్కన. మనుమరాలు మాతోనే ఉంటుంది. రోజూ బస్సెక్కి వనపర్తి పోయి ఒక కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతుంది. ఆ కాలేజీలో పాత సామాన్లకు ఒక గది కేటాయించారట. “విసుర్రాయి నాలుగు దినాలు ఇయ్యవా అవ్వా, చూపిచ్చి తెస్త” అని అడిగింది. ఇచ్చాను. జల్లెడ ఇచ్చినా సరే, ఎన్ని రోజులకో అడిగిగానీ నేను ఇవ్వను. నాలుగంటే నాలుగే అనుకున్నాను.

ఐదో రోజుకు రాయి వస్తుందన్న నమ్మకంతోనే కందులను ఎర్రమన్ను నీళ్లలో నానబెట్టి, మన్ను పట్టించి, మిద్దె మీద ఎండబోశాను. అలా చేస్తేనే పొట్టు వదులై, విసిరినప్పుడు పప్పు రెండు బద్దలుగా విడిపోతుంది. కానీ ఎండిన కందులను ఊరికే ఉంచితే కుదరదు. గాలిలో చెమ్మ తగిలిందంటే పొట్టు మళ్లీ అంటుకుంటుంది, ఆపైన పురుగు పడుతుంది. ఏడాదికి సరిపడే పప్పు అది. కోడలు గిర్నీలో పట్టిద్దామంది. ఒకసారి పట్టించి చూశాను. సగం నూకే వచ్చింది. నూకను కోళ్లకు వేసి, పప్పును అంగట్లో కొనుక్కునేంత తెలివి నాకు లేదు.

ఆరో రోజు సాయంత్రం మనుమరాలు బస్సు దిగి ఒట్టి చేతులతో వచ్చింది.

“ఏందే, రాయేది?”

“రేపు తెస్త అవ్వా. ఎవరో పెద్దసార్లు చూడనీకి వస్తరంట.”

“చూసి ఏం జేస్తరు?”

“చూస్తరు.”

“గదే, చూసినంక?”

“పరేషాన్ చెయ్యకు అవ్వా. గా రాయి ఇప్పుడు ఆర్టిఫాక్ట్ అయ్యింది.”

ఆ మాటకు అర్థం అడిగాను. మనిషి చేత్తో చేసిన వస్తువట, వెనకటి మనుషులు ఎట్లా బతికారో అది చెబుతుందట.

“నేను పొద్దుగాల చేత్తోనే చేసిన గదా రొట్టె. అదీ గదేనా?”

“రొట్టె తింటే అయిపోతది. ఇది ఉంటది.”

“తినకుంటే రొట్టె గూడ ఎండి నీ అద్దాల బీరువాల ఉంటది. కడుపు నింపకుంటెనే విలువ అన్నట్టు!”

దానికి కోపం వచ్చి లోపలికి పోయింది. ‘రేపు తెస్త’ అన్న మాటను మాత్రం ఇంకో రెండు వారాలు సాగదీసింది. ఇరవయ్యో రోజు పొద్దున గుప్పెడు కందులు తీసి చూస్తే, రెండు గింజలకు సూది మొనంత బెజ్జాలున్నాయి. ఇక ఆగలేదు. మా వాడకట్టులో ఆటో నడిపే సాయిబును పిలిచాను.

“అవ్వా, రాయి కోసం వనపర్తి దాక పోతమా? కొత్తది దొరకదా?”

“కొత్త రాయి దారికొచ్చే దాక పప్పుల ఇసుక రాలుతది. ఆ పప్పు నువ్వు తింటవా?”

“నాకెందుకులే, ఎక్కు.”

కాలేజీలో ఆ గదిని చూశాక నాకు మనుషుల మీద కాదు, సామాన్ల మీద జాలి కలిగింది. గోడకు మేకు కొట్టి చాట వేలాడదీశారు. మేకు దిగిన చాటలో ఇక గింజ నిలుస్తుందా? రోకలిని ఎర్ర గుడ్డ మీద పడుకోబెట్టారు, పురిటి బిడ్డను పడుకోబెట్టినట్టు. ఒక బటన్ల ఫోన్‌ను అద్దం కింద పెట్టారు. అలాంటిదే ఆ పూటకు కూడా నా రొండిన ఉంది. నడుమ బల్ల మీద నా విసుర్రాయి. అందరూ దాని మీదికి వంగి చూస్తున్నారు, శవాన్ని చూడవచ్చినట్టు.

మూడో తరగతితోనే నా చదువు ఆగిపోయింది. అయినా అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. అట్ట మీద ఇలా ఉంది: ‘నూరేళ్ల నాటి విసుర్రాయి. దీనిపై గల గీతలు ఆనాటి శిల్పుల అలంకార నైపుణ్యానికి నిదర్శనం.’ కింద, తాకరాదని.

అది రాసిన పెద్దసారు నన్ను చూసి చేతులు జోడించాడు. “అమ్మా, మీరు వచ్చారా! ఇది మన వారసత్వం. పిల్లలందరూ చూడాలి. ఇక్కడే ఉండనివ్వండి.”

మనుమరాలు ఆయన వెనకాల నిలబడి, వద్దన్నట్టు నాకు కళ్లతో సైగ చేస్తోంది. నేను చూడనట్టే ఉన్నాను.

“సార్, నా కందులకు పురుగు పడుతున్నది” అన్నాను.

ఆయన నవ్వాడు. ఫోన్ తీసి నాకు చూపించాడు. రాయిని చుట్టూ తిరిగి ఫొటోలు దింపారట. వేలితో తోస్తే అందులో గుండ్రంగా తిరుగుతోంది. పిడి మీది పగులు కూడా కనిపిస్తోంది. “ఇదీ ఆర్టిఫాక్టేనమ్మా, డిజిటల్‌ది. ఎప్పటికీ అరగదు, పగలదు. ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు.”

“మస్తుగ దింపినవ్ సార్. నీకు కావాల్సింది చూసుడే గదా. బల్ల మీద దీన్ని పెట్టుకో. నా రాయి నాకియ్యి.”

సాయిబు ఫక్కున నవ్వాడు. సారు మాత్రం నవ్వలేదు. “అలా కాదమ్మా. ఎంతైనా అసలుది అసలుదే.”

“అసలుది ఏది సార్? కింది రాయి మా అత్త పుట్టింటిది, రాజోలి దిక్కు నుంచి బండి మీద తెచ్చిన్రు. పైరాయి పగిలితే మా ఇంటాయన ఇక్కడ కొన్నడు. పిడి మూడోది. నీ నూరేండ్లు దీంట్ల ఏడున్నయి?”

మొదటి పిడి ఏమైందని ఆత్రంగా అడిగాడు. కాల్చేశానన్నాను. “పిడి కాల్చినవా అవ్వా?” అని మనుమరాలు ముందుకొచ్చింది, నేనేదో ప్రాణం తీసినట్టు. అవును, కాల్చాను. మా అత్త చేతికి అరిగిన పిడి అది. ఆమె వేళ్లు పొడుగు, నావి పొట్టి. ఆమె పట్టుకు ఎక్కడ అరిగిందో అక్కడ నా అరచేతికి మూడేళ్లు బొబ్బలే. అది విరిగిన రోజున నీళ్ల పొయ్యిలో పెట్టాను. ఆ పూట నీళ్లు తొందరగా కాగాయి.

“సరే, ఆ గీతలు...” అన్నాడు సారు, ఇంకా ఏదో మిగిలిందన్న ఆశతో.

“గవి గీతలు కావు, కక్కు. రాయి నున్నగైతే గింజ జారిపోతది. ఏడాదికోసారి ఉలితోటి గంట్లు పెట్టిస్తం. గివి నీ దగ్గరికి రాకముందు వారం కిందనే పెట్టించిన. పెట్టినామె సుక్కురారం సంతల కూసుంటది. కావాలంటే తీసుకొచ్చి ఆమెను గూడ అద్దాల పెట్టుకో.”

సారు రాయిని ఇంకోసారి చూశాడు. రాయి అదే. గంట్లు అవే. చూపు మాత్రం మారింది. అప్పటిదాకా మ్రొక్కినట్టు చూసినవాడు, చెప్పులు విడిచే చోట పడున్న రాయిని చూసినట్టు చూశాడు. “ముందే చెప్పాల్సింది కదా!” అని మనుమరాలి మీద విసుక్కుని, “తీసుకుపొమ్మనండి” అన్నాడు. దానికి నూరేళ్ల వయసిచ్చింది అట్ట. అట్ట తప్పని తేలగానే వయసు పోయింది. రాయిని మాత్రం ఆ ఇరవై రోజుల్లో ఒక్కడూ తిప్పి చూడలేదు.

అట్ట మందంగా, గట్టిగా ఉంది. దాన్ని కూడా తీసుకున్నాను.

మర్నాడు ఆదివారం. రాయి కింద ఒక పక్క ఎత్తు తక్కువైతే, అట్టను మడిచి పెట్టాను. సరిగ్గా కుదిరింది. బెజ్జాలు పడ్డ కందులు ఏరితే గిద్దెడు పోయాయి. మిగతావి విసరడానికి కూర్చుంటే సగానికే నా కుడి భుజం లేవనంది. ఎప్పుడూ లేనిది. మనుమరాలు వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కాలేజీ దగ్గరి నుంచి నాతో మాటలు లేవు దానికి. పిడి అందుకుంది. మొదట గుప్పెడు గుప్పెడు పోసింది, బద్దలు రాక గింజలు గింజలుగానే బయటపడ్డాయి.

“పిరికెడు పిరికెడు పొయ్యకు. నాలుగు గింజలు ఎయ్యి, రెండు సుట్లు తిప్పు.”

మాట విన్నది. పప్పు పచ్చగా రాలసాగింది. కాసేపటికి అరచేయి విప్పి చూసుకుంది. బొటనవేలి కింద ఎర్రగా కందింది.

“గీ పిడి నా చేతికి కుదుర్తలేదవ్వా.”

“నా చేతికి అరిగినది నీకెట్ల కుదుర్తది? వడ్లాయన తాన కొత్తది పెట్టిచ్చుకో.”

“మరి గిది?”

“పొయ్యిల పెట్టు.”

సాయంత్రమే వడ్రంగి వచ్చి దాని పిడికిలి కొలిచి, కొత్త పిడి దిగగొట్టి పోయాడు. పాతది పొయ్యి పక్కన పుల్లల మీద పడేశాను. పొద్దున నీళ్లు కాచడానికి చూస్తే అక్కడ లేదు. మనుమరాలు సంచి భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా బస్సుకు పోతోంది. సంచి మూల పొడుచుకొచ్చి ఉంది.

అడగలేదు. నీళ్లకు ఇంకో పుల్ల పెట్టాను.