చల్లని గుళికలు

ఏటా దాళ్వాకి, అంటే రెండో పంటకి, పోసే నారుమడికి గుళికల మందు నేనే కొని పంపేదాన్ని. ఏలూరులో మా బడికి వెళ్లే దారిలోనే ఎరువుల కొట్టు ఉంది. పొద్దున్నే ప్యాకెట్లు సంచిలో కట్టించి, ఆకివీడు వెళ్లే బస్సు డ్రైవరుకి అప్పగించి, ఆ తర్వాత బడికి పోయి ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పేదాన్ని. ప్యాకెట్టు మీద పుర్రె బొమ్మ ఉండేది. దాని అర్థం మిగతావాళ్లకంటే నాకే బాగా తెలుసు. తెలిసే కొన్నాను.

నాన్న మూడెకరాలు నా పేర రాసిన మొదటి ఏడు తెల్లకంకి పడింది. పురుగు కాండాన్ని లోపల్నుంచి తొలిచేస్తే కంకి తెల్లగా, తాలుగా నిలబడిపోతుంది. చేలో నిలబడి ఆ తెలుపు చూశాక నాకు పురుగంటే పగ పుట్టింది. నాకు అసలే కోపం ఎక్కువ. పురుగు మీద కోప్పడితే ఎవరూ అడ్డు చెప్పరు కదా, బాగా కోప్పడ్డాను. మర్నాటి నుంచి గుళికల మనిషినైపోయాను. తర్వాత నాలుగేళ్లు పంట కడిగిన ముత్యంలా వచ్చింది. స్టాఫ్ రూములో "వ్యవసాయం అంటే సైన్సండీ, ఊరికే నాట్లు వేస్తే సరిపోదు" అని మాటిమాటికీ అనేదాన్ని. పాపం, అందరూ తలలూపేవారు.

మా చేను చేసే ఆయన్ని చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. చుట్టం కాదు. నాన్న రోజుల నుంచీ ఆ మూడెకరాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. నేను ఏలూరులో కూర్చుని ఫోనులో వ్యవసాయం చేస్తే, ఆయన చేలో దిగి చేసేవాడు.

కిందటి డిసెంబరులో తొలి పంట సార్వా కోతలయ్యాక, చేలో ఒక మూల దాళ్వాకి నారుమడి పోశారు. నారు తీసేముందు అందులో గుళికలు చల్లాలి. ఒక సాయంత్రం ఫోన్ చేసి ఎప్పటిలాగే అడిగాను.

"నారుమడిలో పని అయిపోయిందా బాబాయ్?"

"ఆయ్, అయిపోయిందండి."

మర్నాడు పొద్దున పెనం మీద అట్టు మాడుతుంటే ఇంకో ఫోనొచ్చింది. బాతులు మేపే ఆవిడ. ఆవిడా, మొగుడూ వెయ్యికి పైగా బాతుల్ని తోలుకుంటూ కోసిన చేలల్లో రాలిన గింజలూ, నత్తలూ మేపుకుంటూ ఊరూరూ తిరుగుతారు. ఎక్కడ చీకటి పడితే అక్కడే వలకట్టి బాతుల్ని తోలి, పక్కన పట్టా కప్పుకుని పడుకుంటారు. వాళ్ల ఇల్లూ వాకిలీ ఆ బాతులే.

"అమ్మగారండీ, బాతుల్ని మీ చేలో దింపుకోమంటారాండి?"

"దింపుకోండమ్మా" అని ఫోన్ పెట్టేసి అట్టు తిరగేశాను.

మూడో పీరియడ్ ఆహార గొలుసు పాఠం. బోర్డు మీద నాచు అని రాశాను, బాణం గీశాను. నత్త అని రాశాను, మళ్లీ బాణం. తర్వాత ఏం రాయనూ అని పిల్లల్ని అడిగితే, వెనక బెంచీ నుంచి ఎవరో "బాతు టీచర్" అన్నారు. బాతు అని రాస్తూ రాస్తూ ఆగిపోయాను. నారుమడికీ కోసిన చేనుకీ మధ్య ఉన్నది మోకాలెత్తు గట్టు. బాతుకి అదొక అడ్డా? ఆ గుళికలు చూడ్డానికి గింజల్లాగే ఉంటాయి. నాలుగు మింగితే చాలు. ఆ నీళ్లు తాగినా చాలు.

వరండాలోకి వచ్చి బాబాయ్‌కి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. బాతులావిడ ఫోను స్విచాఫ్. హెడ్ మేడం గదిలోకి వెళ్లి ఇప్పుడే సెలవు కావాలన్నాను.

"ఏమైందండీ, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?"

"బాతులకండీ" అనేశాను.

ఆవిడ నా మొహం చూసి ఇంకేం అడగకుండా సంతకం పెట్టేసింది.

కైకలూరు మీదుగా వెళ్లే బస్సు దొరికింది. ముందు చేపల లారీ ఒకటి, ఐసు నీళ్లు కార్చుకుంటూ, మాకు దారివ్వకుండా నింపాదిగా పోతోంది. రెండు పక్కలా చేపల చెరువులు, వాటిలో చేపలకి గాలి అందేలా నీళ్లు చిమ్ముతూ తిరుగుతున్న చక్రాలు. ఆ దారిలో వెళ్లినప్పుడల్లా పక్కనున్నవాళ్లకి ఒక ఉపన్యాసం ఇవ్వడం నాకలవాటు. చెరువులవాళ్లే కొల్లేరుని నాశనం చేశారనీ, మేతలూ మందులూ అన్నీ సరస్సులో కలిపేశారనీ. ఆ రోజు ఉపన్యాసం నోట్లోనే ఉండిపోయింది. మా చేలో నీళ్లెక్కడికి పోతాయి? మురుగు కాలవలోకి. ఆ కాలవ ఎక్కడికి పోతుంది? ఇక్కడికే. ఏటా పిల్లల్ని బస్సెక్కించుకుని పక్షుల్ని చూపించడానికి తీసుకొచ్చేదీ ఇక్కడికే. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నేను ఆ బాణం గీసుకోలేదు.

కిటికీ పక్కన కూర్చుని బాతులావిడకి ఏం చెప్పాలా అని ఆలోచించాను. చల్లించింది నేను, దింపుకోమన్నదీ నేను. బాబాయ్ గుర్తుచేయలేదని ఆయన మీదికి తోసేస్తే ఎలా ఉంటుందని కూడా కాసేపు ఆలోచించాను. ఇది రాస్తుంటే సిగ్గుగానే ఉంది, కానీ ఆలోచించిన మాట నిజం.

ఆకివీడులో దిగి ఆటో మాట్లాడుకున్నాను. చేను దగ్గర దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. దూరంగా, సరిగ్గా నారుమడి గట్టు మీదా, దాని చుట్టూ, తెల్లగా, గోధుమరంగుగా, కుప్పలు కుప్పలుగా బాతులు. ఒక్కటీ కదలడం లేదు.

చెప్పులు విప్పేసి బురదలో పరుగెత్తాను. ఏదో అరిచాను, ఏమని అరిచానో తెలియదు. ఆ అరుపుకి వెయ్యి తలలు రెక్కల్లోంచి ఒక్కసారి బయటికొచ్చాయి. అన్నీ లేచి, మెడలు సాచి, క్వాక్ క్వాక్‌మంటూ నన్ను తిట్టడం మొదలుపెట్టాయి. నేను గట్టు మీద కూలబడి, చీరంతా బురదతో, నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియకుండా కూర్చున్నాను. జీవితంలో నన్ను అంతమంది ఒక్కసారి తిట్టడం, అది నాకంత హాయిగా ఉండడం అదే మొదటిసారి.

బాతులావిడ పొడుగాటి కర్ర పట్టుకుని వచ్చింది.

"ఏవండీ అమ్మగారూ, కడుపునిండా తిని కునుకు తీస్తంటే లేపేసేరు!"

"ముందు వాటిని ఇక్కణ్ణించి తోలెయ్యమ్మా. నారుమడిలో గుళికలు చల్లించాను. పొద్దున నువ్వడిగినప్పుడు మర్చిపోయాను. తప్పు నాదే."

ఆవిడ మొహం మాడిపోయింది. చీర ఎగదోపుకుని నారుమడిలో దిగింది. నీళ్లలో చెయ్యి పెట్టి వెతికి, ఒక నత్తని తీసి అరచేతిలో పెట్టుకుంది. మెల్లగా ఆ నత్త బయటికొచ్చి చేతి మీద పాకింది. ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది.

"ఎవరూ ఏం చల్లలేదండి ఇందులో. మందు పడ్డ మడిలో నత్త మూత బిగించేసుకుంటదండి, లేపోతే చచ్చి తేలతది. ఇది చూడండి, ఎలా నడుస్తందో."

"చల్లారమ్మా. నిన్నే చల్లారు."

"లేదండి. మూడేళ్ల నుంచీ మీ చేలో మందు పడలేదండి. చూసుకునే దింపుతాం మేము. చుట్టుపక్కల ఎకరాలెకరాలు తిప్పినా మా బాతులకి సగం కడుపే నిండుతదండి. మీ చేలో అయితే మద్దేన్నానికే నిండిపోతదండి. అందుకేనండి ఎక్కడున్నా ఇక్కడికి తోలుకొచ్చేది."

ఆవిడ ఆ మాట నన్ను మెచ్చుకుంటూ అంది. మూడేళ్లుగా నేను పంపిన ప్యాకెట్లన్నీ నా కళ్లముందు తిరుగుతున్నాయి.

అప్పుడొచ్చాడు బాబాయ్, సైకిలు మీద రెండు కొబ్బరి మట్టలు కట్టుకుని. నన్ను చూసి సైకిలు దిగి, అక్కడే నిలబడిపోయాడు.

"గుళికలు చల్లావా బాబాయ్?"

"లేదండి."

"మరి నిన్న అయిపోయిందన్నావు!"

"మీరు నారుమడిలో పని అయిపోయిందా అని అడిగేరండి. పని అయిపోయిందండి. చల్లేవా అని ఈ మూడేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదండి మీరు."

మోటారు షెడ్డులోకి తీసుకెళ్లి చూపించాడు. నేను కట్టించిన సంచులన్నీ ముళ్లు కూడా విప్పకుండా, పైన అటక మీద, పట్టా కింద వరసగా ఉన్నాయి. నేను ఒంటికాలి మీద లేచాను. మూడేళ్లు నన్ను వెర్రిదాన్ని చేశావన్నాను. చేను నాదా నీదా అన్నాను. అరుస్తూనే ఉన్నాను గానీ, నా గొంతు నాకే సరిగ్గా కోపంగా వినిపించలేదు. షెడ్డు తలుపులోంచి బాతులు కనిపిస్తున్నాయి. బతికున్నాయి. వాటిని చూస్తూ ఎంతసేపని కోప్పడను?

"మరి పురుగెందుకు పడలేదు?" అన్నాను చివరికి, కాస్త తగ్గి.

"నారు తీసేటప్పుడు కొనలు తుంచేస్తామండి. పురుగు గుడ్లు పెట్టేది ఆ కొనల మీదే కదండి. తుంచినవి తీసుకెళ్లి తగలెట్టేస్తామండి. నాట్లయ్యాక చేలో ఈ మట్టలు పాతితే పిట్టలొచ్చి వాల్తాయండి, ఎగిరే పురుగుని అవే చూసుకుంటాయండి. ఇంకా మిగిలిన పురుగుంటే మట్టుకు కాస్త పంట పోద్దండి. పోనివ్వండి."

ఇవన్నీ నేను పాఠంగా చెప్పే సంగతులే. పుస్తకంలో ఉన్నాయి, పరీక్షలో అడుగుతాను. ఆయన చెప్తుంటే చేతులు కట్టుకుని విన్నాను.

"మరి నేను గుళికలు పంపిన మొదటి ఏడు చల్లావుగా? ఎందుకు మానేశావు?"

ఆయన అటక మీద పట్టా సర్దాడు. తర్వాత చెప్పాడు. ఆ ఏడు గుళికలు చల్లిన మర్నాడు పెద్ద వాన పడి నారుమడి పొంగింది. పొద్దున కాలవలో చేపలు తేలాయి. మందు సంగతి ఎరగక, ఆయన భార్య వాటిని ఏరుకొచ్చి కూర వండి, ముందుగా తనే తింది. ఇంకొకళ్లు తినేలోపే పడిపోయింది. తాడేపల్లిగూడెం ఆసుపత్రిలో నాలుగు రోజులుంచారు.

"ఇప్పుడు బానే ఉందండి" అన్నాడు, నన్ను కంగారు పెట్టడం ఇష్టం లేనట్టు.

ఆ నాలుగు రోజులు నాకు గుర్తున్నాయి. ఆయన ఫోనెత్తలేదు. అయిదోరోజు ఎత్తితే, నారుమడిలో నీళ్లు ఎవరు చూస్తారని నేను విరుచుకుపడ్డాను. నీ వల్ల కాకపోతే చెప్పు, చేను ఇంకొకళ్లకి ఇచ్చుకుంటాను అన్నాను. ఆయన "లేదండి, వచ్చేసేనండి" అని మాత్రం అన్నాడు.

మేము షెడ్డులోంచి బయటికొచ్చేసరికి బాబాయ్ భార్యే గట్టు మీద గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తోంది. నన్ను చూసి మోపు దింపింది. అమ్మాయిగారు ఎప్పుడొచ్చేరండి, ఆ బురదేంటండి, భోంచేసేరాండి అని ఒకేసారి మూడడిగింది. ఆవిడ చేతులు పట్టుకుని, ఒంట్లో ఎలా ఉంది అన్నాను. ఆవిడ మొగుడి వైపు చూసింది, నాకు సంగతి తెలిసిపోయిందని ఆవిడకి అర్థమైంది.

"ఎప్పటి మాటండి అది! శుభ్రంగా ఉన్నానండి. మీకు చెప్పొద్దని నేనే అన్నానండి. మందు వద్దన్నామని తెలిస్తే మీరు చేను ఇంకొకళ్లకి ఇచ్చేత్తారని బయవేసిందండి."

అలా ఎందుకు చేస్తాను అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఇచ్చేసేదాన్నే" అన్నాను.

"నాకు తెలుసండి" అంది ఆవిడ. "మరి ఇప్పుడో అండి?"

బాబాయ్ సైకిలు దగ్గర మట్టల తాడు విప్పుతూ ఆగిపోయాడు. మూడేళ్లుగా వాళ్లిద్దరూ మోసిన భయమేమిటో అప్పుడు చూశాను, అది నేనే.

"ఇవ్వను" అన్నాను. "మీరు ఎన్నాళ్లు చేస్తే అన్నాళ్లు."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "అయితే పదండి, అన్నం తిందురుగాని" అంది.